విత్తన మడి మాత్రం చేత్తోనే కోయించు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

వరి కోతకు మిషన్ మాట్లాడానన్నావు, మంచిపని. కూలీలు దొరక్క, పడిపోయిన చేనులో కంకి మీదే మొలకలొస్తుంటే కొడవలే కావాలని పట్టుబట్టడం తప్పు. గడ్డి ముక్కలైపోతుందని పెద్దవాళ్లు గొణిగినా పట్టించుకోకు. కానీ వచ్చే ఏటి విత్తనం మాత్రం మిషన్‌లోంచి రానివ్వకు.

అంతకుముందు కోసిన చేలో గింజలు దాని ట్యాంకులో మిగిలిపోతాయి. మన బీపీటీ 5204 రకంలో స్వర్ణ రకం కలిస్తే వచ్చే ఏడు చేనంతా కేళీలే, అంటే వేరే రకం మొక్కలే. పైగా పచ్చి గింజ డ్రమ్ములో నలిగి మొలక చచ్చిపోతుంది.

చేను నడుమ పది సెంట్లు వదులు. నాలుగెకరాల నాటుకు ఎకరాకు పాతిక కిలోల చొప్పున వంద కిలోలు చాలు, తాలు పోగా ఇంకా మిగులుతుంది. ఎత్తుగా లేచినవీ గింజ రంగు మారినవీ కోతకు ముందే వేళ్లతో సహా పీకించు. కోసి, బల్లకు కొట్టించి, టార్పాలిన్ మీద ఆరబెట్టించు. తారు రోడ్డు మీద వద్దు, ఆ వేడికి మొలక దెబ్బతింటుంది.

ఎండిందో లేదో గింజ కొరికి చెబుతారు మనవాళ్లు. అది నమ్మకు, తేమ మీటరు పెట్టించు. 13 శాతానికి మించితే పురుగూ బూజూ ఖాయం. కొత్త గోనెసంచుల్లో పోసి, చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టు. యూరియా బస్తాల పక్కన మాత్రం ఎప్పుడూ వద్దు.

నారుమడికి పదిహేను రోజుల ముందు తడిగుడ్డలో వంద గింజలు చుట్టి చూడు. ఎనభై మొలవకపోతే ఆ విత్తనం తిండికి వాడు. కోసిన వెంటనే ఈ పరీక్ష చేయకు, నిద్రావస్థలో ఉన్న గింజ మంచిదైనా మొలవదు.

నానబెట్టే ముందు నానమ్మ ఉప్పునీళ్ల పద్ధతే వాడు, దాన్ని మించింది లేదు. నీళ్లలో తాజా గుడ్డు వేసి, రూపాయి బిళ్లంత పైకి తేలేదాకా ఉప్పు కలుపు. నిలవ గుడ్డు మంచినీళ్లలోనే తేలి మోసం చేస్తుంది. అందులో విత్తనం పోసి, పైకి తేలిన గింజలు తీసేసి, మునిగినవి రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడుగు. తరవాత కిలో విత్తనానికి లీటరు నీళ్లలో గ్రాము కార్బెండజిమ్ అనే తెగులు మందు కలిపి ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు మండెకట్టు, అంటే మొలకెత్తేలా కప్పి ఉంచు.

ఇలా మూడేళ్లు వాడి, నాలుగో ఏడు పరిశోధన స్థానం నుంచి కొత్త విత్తనం తెచ్చుకో. హైబ్రిడ్ వేస్తే మాత్రం దాచకు, రెండో ఏడు మొక్కలు తలో తీరుగా వస్తాయి.

మిషన్ వచ్చే ముందు రోజే ఆ పది సెంట్లూ కోయించెయ్యి. డ్రైవర్‌కు చెబుదాంలే అనుకుంటే కుదరదు.

మీ నాన్న