‘అందుబాటు ధర’ అంటే ఎంత? డబ్ల్యూహెచ్‌ఓ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మహమ్మారి ఒప్పందంలోని ‘అందుబాటు ధర’ అన్న మాట గురించే ఈ లేఖ. ముందు రెండు చిన్న సంగతులు. అంటువ్యాధి అనగానే కొత్త మందు, వేల కోట్ల నిధులు అంటూ మాట మొదలవుతుంది. తక్కువ ఖర్చుతో అయ్యే పని ఎవరికీ ఆనదు. గినియా పురుగు వ్యాధినే చూడండి. దానికి టీకా లేదు, మందూ లేదు. తాగేనీళ్లు సన్నటి గుడ్డలో వడకట్టుకోవడం, పుండులోంచి పురుగు బయటికొస్తున్నవాళ్లను చెరువులో దిగనివ్వకపోవడం, ముఖ్యంగా ఇంతే. 1986లో ఏటా సుమారు 35 లక్షల మందికి సోకేది, 2024లో 15 మందికే పరిమితమైంది.

పోలియో చుక్కల సీసా మీది స్టిక్కర్ కూడా అలాంటిదే. చిన్న వృత్తం, లోపల లేత రంగు చతురస్రం. వేడి తగిలేకొద్దీ చతురస్రం నల్లబడుతుంది. వృత్తం రంగుకు వచ్చిందా, వేడికి ఆ చుక్కలు పనికిరాకుండా పోయినట్టే లెక్క, సీసా పారేయాల్సిందే. చదువుతో పని లేదు. ఇంత తెలివైన స్టిక్కర్‌కు పెద్ద పేరు రాకపోవడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

ఇక అసలు విషయం. 2025 మేలో మీ సంస్థ సభ్యదేశాలు ఆమోదించిన మహమ్మారి ఒప్పందం ప్రకారం, దాని కింది పంపిణీ వ్యవస్థలో చేరే తయారీదారులు మహమ్మారి వేళ తమ టీకాలు, మందుల ఉత్పత్తిలో 20 శాతం మీ సంస్థకు అందేలా చూడాలి. అందులో, మొత్తం ఉత్పత్తిలో కనీసం 10 శాతం ఉచితంగా, మిగతాది ‘అందుబాటు ధర’కు. ఎవరికి అందుబాటు? తేల్చేదెవరు? కోవిడ్ టైమ్‌లో చాలా కొనుగోలు ఒప్పందాల్లో ధరలు గుట్టుగానే ఉంచారు. ఈసారి ప్రతి ధరా బయటపెట్టాలని షరతు పెట్టండి. ప్రజాధనంతో పరిశోధన జరిగిన చోట తయారీ ఖర్చు కూడా చెప్పించండి.

ఇట్లు,
ఒక సామాన్య పౌరురాలు