మా టాటా 207 పికప్ బండి ఇంకా తిరగతానే ఉంది

రేయ్ మామా,

ఎట్టుండావ్? పాప బడికి ఏడవకుండా పోతా ఉందా? మొన్న ఫోన్లో "మీ 207 ఉందా, అమ్మేసినారా" అన్నావ్ గదా, అప్పుడు మదనపల్లి మార్కెట్లో వేలం నడస్తా ఉంది, నీ మాట సగం వినపడలా, ఉందిలే అని పెట్టేసినా. ఈరోజు వాన పడి కోతలు ఆగిపోయినాయి, అందుకే కూర్చుని రాస్తా ఉండా.

ఉంది మామా. 2004లో అమ్మ గాజులు కుదవ పెట్టి నాయన తెచ్చిన బండే, అదే ఏపీ 03 నెంబరు, తెల్ల రంగు మాత్రం ఇది మూడోసారి కొట్టించింది. టెన్త్ పరీక్షలకి వాయల్పాడుకి మనం పోయింది దాంట్లోనే గదా, వెనకాల టమాటా బాక్సుల సందులో కూర్చుని సైన్స్ బుక్కు తిరగేస్తా పోయినాం, బ్రేక్ వేసినప్పుడల్లా బాక్సులు మన మీదికి జరిగేవి.

పోయిన నెల్లో మాత్రం బాగా భయపెట్టింది. తిరుపతిలో టమాటా దించి, వచ్చేటప్పుడు దాణా మూటలు వేసుకుని భాకరాపేట ఘాట్ ఎక్కతా ఉంటే టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, పక్కకి తీసి ఆపేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. నాయన మాట గుర్తొచ్చింది, వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, అరగంట ఆగు, తడి గోనెపట్ట వేసి మెల్లగా తిప్పు. అట్టే చేసినా. నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో బుడగలు బుడగలుగా వస్తా ఉండాయి, ఇంక నడపకూడదని ఆపేసి, ఇంకో పికప్‌కి గొలుసు కట్టించి పీలేరు దాకా లాక్కొచ్చినా.

మెకానిక్ పెద్దాయన వేరే ఏమీ చూడలా, ఆయిల్ గేజీ కడ్డీ పీకి నా ముందర పెట్టినాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలెక్కువైన టీ మాదిరి ఉంది మామా, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను పైభాగం హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే పట్టీ పోయి, నీళ్లు ఆయిల్లో కలిసినాయంట. అసలు కారణం కింది హోస్ పైపుకి వేలి గోరంత చీలిక. వారం నుంచి బండి నిలబెట్టిన చోట తడి కనపడతా ఉంది, నేను నీళ్లు పోసుకుని తిరిగినా గానీ వంగి చూడలా. రెండు మూడొందల పైపు చూసుకోకపోతే 14 వేలయింది. హెడ్డు లేత్‌కి పంపి ప్రెషర్ టెస్ట్ చేయిస్తే క్రాక్ లేదన్నారు, ఆ మాట విన్నాకే నాకు టీ గొంతు దిగింది. హెడ్డు అడుగు చదునుగా ఫేసింగ్ కొట్టించి, వాల్వులు గ్రైండింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్, ఆయిలు, కూలెంటు అన్నీ మార్చినాం.

మా బామ్మర్దేమో ఇంక తుక్కుకి వేసేయ్ బావా, కొత్తది తీసుకో అంటాడు. వాడు నా మంచికే చెప్తా ఉండాడు, కాదనను. పాత బండి కాబట్టి ఏటా ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాల, 2022 నుంచి పదిహేనేళ్లు దాటిన బళ్లకి ఫీజు కూడా బాగా పెంచినారు. కానీ టమాటా ఒక్కో ఏడు ఎట్ట ఉంటాదో నీకు తెలుసు, 2023 జూలైలో కిలో వంద దాటింది, అదే పంట ఇంకో సీజన్లో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తాం. ఆ రాబడిని నమ్ముకుని నెలనెలా ఈఎంఐ యాడ కట్టేది? దీనికైతే సెన్సార్లు లేవు, లాప్‌టాప్ పెట్టి చూడాల్సిన పని లేదు, ఇంజను టాటా 407 చిన్న లారీది జాతే కాబట్టి సామాను యాడైనా దొరకతాది. డీజిల్ ఫిల్టర్ మార్చినప్పుడు గాలి పట్టిందా, గాలి తీసే బ్లీడ్ స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టి, నురగ పోయి డీజిల్ నీట్‌గా వచ్చేదాకా చూసి బిగిస్తే స్టార్ట్ అయిపోతాది, అర్ధరాత్రి టార్చి పెట్టుకుని నేనే చేసుకుంటా. కమాన్ కట్టలకి గ్రీసు, బ్రేక్ లైనింగులు, ఈ రెండూ ఎప్పుడూ వాయిదా వెయ్యను, వెనక మనుషుల్ని గూడా ఎక్కించుకుంటా ఉంటాం గదా.

నాయనకి మోకాళ్లు పోయినాయి, స్టీరింగ్ పట్టి మూడేళ్లయింది, కానీ అరుగు మీద కూర్చుని బండి సౌండ్ వింటాడు. హెడ్డు పని అయి ఇంటికి తెచ్చిన రోజు, లోపలికి రాకముందే, "ఒక నాజిల్ సరిగ్గా కొట్టడం లేదురా" అన్నాడు, ఇంజన్లోకి డీజిల్ చిమ్మేది అదే గదా. పంప్ షాపులో టెస్టర్ మీద పెడితే మూడు పొగమంచు మాదిరి కొడతా ఉండాయి, ఒకటి మాత్రం కుళాయి కారినట్టు చుక్కలు. నాకు ఒళ్లు జల్లుమంది మామా.

ఇంకోటి నీకు తెలీదేమో. స్పీడోమీటర్ కేబుల్ తెగి ఏళ్లయింది, కిలోమీటర్ల లెక్క లేదు. అందుకని నాయన డ్యాష్‌బోర్డ్ డబ్బా మూత లోపల పెయింట్ పెన్నుతో రాసేవాడు, "ఆయిలు - ఉగాది", "ఆయిలు, ఫిల్టరు - వినాయక చవితి", అట్టా రాసి రాసి మూత నిండా ఉంది. మొన్న కింద మిగిలిన జాగాలో నేను "హెడ్డు" అని రాసి తేదీ వేసినా, ఆయన చూసి అక్షరాలు చిన్నగా రాయి, ఇంకా రాసేది ఉంటాది అన్నాడు.

నువ్వు సంక్రాంతికి వచ్చేటప్పుడు బెంగళూరు జేసీ రోడ్డులో ఆ కేబుల్ ఒకటి, తలుపులకి రబ్బరు బీడింగు రెండు పక్కలకీ తీసుకురా. పాత కేబుల్ ఫోటో వాట్సాప్‌లో పెడతా, రెండు చివర్లూ సరిగ్గా పోల్చి చూసుకో, పొడుగు తక్కువైతే పనికి రాదు. డబ్బులు ఎంతైందో చెప్పు, అమ్మ చేసిన చింతకాయ తొక్కుతో లెక్క సరిపెట్టను. బస్సు ఎక్కినప్పుడు ఫోన్ చెయ్యి, మదనపల్లి బస్టాండుకి బండి తెస్తా.

మీ ఇంట్లో అందరినీ అడిగినానని చెప్పు.