ఆరోగ్య శాఖ మంత్రిగారికి: క్యాల్షియం పరీక్షకు రీజెంట్ ఎప్పుడొస్తుంది?

అయ్యా, నమస్కారం.

ఇది నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని జవాబొచ్చింది. ఆ విభాగం ఎక్కడుందో చెబితే వెళ్లి దండం పెట్టుకుంటాం.

ఉచిత పరీక్షల జాబితాలో క్యాల్షియం ఉంది. మా ఆసుపత్రి ల్యాబ్ కిటికీకి మాత్రం "రీజెంట్ లేదు", అంటే పరీక్షకు కావలసిన రసాయనం లేదు, అన్న కాగితం అంటించి ఉంది. దాని అంచులు పసుపెక్కాయి.

మా అక్కకు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. వెనకాలే ఉండే బియ్యపుగింజంత పారాథైరాయిడ్లు, అంటే రక్తంలో క్యాల్షియాన్ని నిలిపే గ్రంథులు, దెబ్బతింటే రెండు మూడు రోజుల్లో క్యాల్షియం పడిపోతుందని మీ డాక్టర్లకు తెలియనిది కాదు. అయినా మర్నాడే ఇంటికి పంపేశారు. మూడో రోజు పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందంది. ఆ రాత్రి బీపీ రీడింగు సరిగా రాక పట్టీ కాసేపు బిగించే ఉంచితే, మణికట్టు వంగి వేళ్లు కొంగముక్కులా ముడుచుకుపోయాయి. పరుగున తీసుకెళితే డ్యూటీ డాక్టరు "గాభరా అంతే" అని నిద్రమాత్ర రాశారు.

ఊరుకోనిది ఒక నర్సమ్మ. ఈసీజీ తీసింది. గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధపడేదాకా పట్టే సమయాన్ని క్యూటీ అంటారట. గుండె వేగాన్ని బట్టి సరిచేసిన క్యూటీ 520 మిల్లీసెకన్లు. ఆడవాళ్లకు 460 దాటితేనే ఎక్కువట. ఈసీజీ గీతలో చివర వచ్చే టి అల మామూలుగానే ఉంది, దాని ముందుండే చదును గీత మాత్రం సాగిపోయింది. రక్తంలో క్యాల్షియం తగ్గితే గుండె కణాల్లో క్యాల్షియం ద్వారాలు మూసుకోవడం ఆలస్యమవుతుందట, అందుకే గుండె మళ్లీ సిద్ధపడేసరికి ఎక్కువసేపు పడుతుందట. 500 దాటాక లయ తప్పితే ప్రాణం మీదికే వస్తుంది. ఇదండీ, మీవాళ్లు గాభరా అన్నది.

బయట ల్యాబ్‌లో చూపిస్తే క్యాల్షియం డెసిలీటరుకు 6.1 మిల్లీగ్రాములు. కనీసం 8.5 ఉండాలి. అప్పుడు క్యాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్, మానిటర్ మీద కన్నేసి పది నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించారు. వేళ్లు ఒక్కొక్కటిగా విప్పుకున్నాయి. మెగ్నీషియం తక్కువుంటే ఈ వైద్యం నిలవదని విని ఆ పరీక్ష కూడా అడిగాను. నవ్వారు.

ఆ నర్సమ్మకు ఆరోజు సెలవై ఉంటే?

మేం అడిగేది పెద్దదేం కాదు. ఈ ఆపరేషన్ అయినవాళ్లను క్యాల్షియం చూడకుండా ఇంటికి పంపొద్దు. తిమ్మిరన్నవాళ్లకు ముందు ఈసీజీ తీయండి, నిద్రమాత్ర తర్వాత రాయొచ్చు. రీజెంట్ ఇప్పించండి. మళ్లీ చెబుతున్నా, రీజెంట్ ఇప్పించండి. కిటికీ మీద కాగితం ఏ తేదీన తీస్తారో రాయండి చాలు. దీన్ని మాత్రం దయచేసి సంబంధిత విభాగానికి పంపకండి.

ఇట్లు,
ఒక చెల్లెలు