ఫీల్డ్ విజిట్ రిపోర్టులో పొలం ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏఐ (కృత్రిమ మేధ) బయట ఎలా పనిచేస్తుందో చూడటానికి కాలేజీ పిల్లలు వెళ్లే ఫీల్డ్ విజిట్ల ఫొటోలు ఈమధ్య మీ జిల్లా పేజీల్లో తరచుగా చూస్తున్నాను. బ్యానర్ పట్టుకుని ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు, వెనకాల పిల్లలు, కింద రెండు లైన్ల వార్త. సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ 2025ను కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది కదా, అప్పటినుంచి మా చుట్టుపక్కల కాలేజీల్లో ఈ జోరు బాగా కనిపిస్తోంది. పిల్లలు నాలుగు గోడలు దాటి బయటికి వెళ్లడం మంచిదే, ఇంకా వెళ్లాలి. కానీ వెళ్లొచ్చాక వాళ్లు రాసే రిపోర్టు సంగతి ఎవరికీ పట్టడం లేదు, ఆ రిపోర్టులు చదువుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటోంది, అందుకే ఈ ఉత్తరం.

నేను అనంతపురం జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. పోయిన ఖరీఫ్‌లో కంప్యూటర్స్ పిల్లల్ని ఒక ఊరికి తీసుకెళ్తూ, పంట తెగుళ్ల వ్యవహారం కాబట్టి నన్నూ తోడు రమ్మన్నారు. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్ పొలంలో ఎలా పనిచేస్తుందో చూడటం ఆ రోజు పని. వేరుశనగ చేలో ఒక అమ్మాయి పాలిపోయిన ఆకును అరచేతిలో పెట్టుకుని ఫొటో తీస్తే యాప్ ఆకుమచ్చ తెగులు అంది. అదే ఆకును నోట్‌బుక్ అట్ట మీద పెట్టి తీస్తే ఇంకో తెగులు పేరు చెప్పింది. చేను గలామె పక్కనే నిలబడి చూస్తోంది. "తెగులు కాదు పాపా, మొన్న వానలకు నీళ్లు నిలబడి లేతాకు తెల్లబడినాది, అన్నభేది కొడితే తిరుక్కుంటాది" అంది. ఆమె చెప్పిందే నిజం. అది ఇనుపధాతు లోపం, అన్నభేది అంటే ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేటే. సున్నం ఎక్కువున్న నేలల్లో తేమ ఎక్కువైతే వేరుశనగలో మామూలుగా కనిపించేదే, ముదురాకులు పచ్చగానే ఉండి పైన లేతాకులు పాలిపోతాయి, అదే ఆకుమచ్చ అయితే ముందు అడుగాకుల మీద మచ్చలు మొదలవుతాయి. ఆ అమ్మాయి ఇవన్నీ రఫ్ నోట్సులో రాసుకుంది: టైమెంత, ఎండ ఎలా ఉంది, ఆకు దేని మీద పెట్టింది, యాప్ మొదట ఏమంది, తర్వాత ఏమంది, రైతు ఏమన్నారు. మధ్యలో ఆకు బొమ్మ కూడా వేసింది, ఈనెలు మాత్రం ఆకుపచ్చ పెన్నుతో గీసి మిగతాది ఖాళీగా వదిలేసింది. చూసి ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

తర్వాత స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చిన రిపోర్టు తెప్పించుకుని చూస్తే అందులో ఆ నోట్సు ఆనవాలే లేదు. సర్టిఫికెట్ పేజీ ఉంది, కృతజ్ఞతల పేజీ ఉంది, 1956 డార్ట్‌మత్ సమావేశం నుంచి మొదలుపెట్టి ఏఐ చరిత్ర పేజీలకు పేజీలు ఉంది, గ్రూప్ ఫొటోలు ఉన్నాయి, చివర 'ఈ యాప్ 99 శాతం కచ్చితత్వంతో తెగుళ్లను గుర్తిస్తుంది' అని ముగింపు. ఏమ్మా ఇలా చేశావు అని అడిగితే "అది నెగెటివ్‌గా ఉంది, తీసేయమన్నారు మేడం" అంది. ఇంకో బ్యాచ్ రిపోర్టులో అయితే డ్రోన్‌తో మందు కొట్టడం చూశామని రాశారు. ఆ రోజు ఆ పొలంలో డ్రోనే లేదు.

ఈ 99 శాతం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లల రిపోర్టుల్లో ఎక్కడ చూసినా ఇదే అంకె. ఆకుల ఫొటోలతో తెగులు గుర్తించడం మీద 2016లో వచ్చిన ఒక పరిశోధన పత్రం బాగా పేరు పొందింది. ప్లాంట్‌విలేజ్ అనే సంకలనంలోని 54,306 ఫొటోలు తీసుకుని, 14 పంటలు, 26 తెగుళ్ల మీద కంప్యూటర్‌కు నేర్పితే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అంతవరకే అందరూ ఎత్తి రాస్తారు. అదే పత్రంలో ఆ శాస్త్రవేత్తలే ఇంకో మాట కూడా రాశారు: నేర్పిన ఫొటోల్లాంటివి కాకుండా వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇచ్చి చూస్తే అది 31 శాతానికి కాస్త పైన ఆగిపోయింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ సంకలనంలో ఆకును తెంపి, సాదా కాగితం లాంటి దాని మీద ఒంటరిగా పెట్టి తీసిన ఫొటోలే ఉంటాయి, మన పొలంలో ఆకు వెనకాల మట్టి ఉంటుంది, కలుపు ఉంటుంది, రైతు చెయ్యి ఉంటుంది, దుమ్ము ఉంటుంది, ఎండ ఒక పక్కే పడుతుంది. పైగా ఆ 14 పంటల్లో ఆపిల్, ద్రాక్ష, టమాట, బంగాళాదుంప ఉన్నాయి గానీ వేరుశనగ లేదు, వరి లేదు. మా పిల్లలు చూసిన యాప్ వేరు, దానికి ఏ ఫొటోలతో నేర్పారో అది వేరే సంగతి, అసలు వాళ్లు అడిగి తెలుసుకుని రాయాల్సింది ఆ సంగతే. ఈ ఫొటోలు ఎక్కడివి, ఏ నేలలో, ఏ కాలంలో తీసినవి, ఇది ఫలానా తెగులు అని వాటికి పేరు పెట్టిందెవరు, సందేహం వస్తే 'నాకు తెలియదు' అని యాప్ చెబుతుందా, లేక ఏదో ఒక పేరు చెప్పేస్తుందా, తప్పు పేరు విని మందు కొడితే ఆ ఖర్చు ఎవరిది. మందు డబ్బా ఖరీదు ఎంతో తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలే కదా వీళ్లు, ఈ చివరి ప్రశ్న వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మంచి ఫలితం వచ్చిన చోట కూడా ఇలాగే అడగాలి. మాకు దగ్గరి ఉదాహరణే ఉంది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకు వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్ఎంఎస్‌లు పంపాయి. ఆ ప్రాంతంలో 1986 నుంచి 2015 దాకా ముప్ఫై ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకుని, జూన్ మొదట్లో తొందరపడి విత్తకుండా నెలాఖరు దాకా ఆగమన్నారు. సగటున హెక్టారుకు 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ప్రకటించారు. చాలా మంచి ప్రయత్నం, మామూలు ఫోను ఉన్న రైతుకు కూడా అందింది, నాకు ఆ పని మీద గౌరవం ఉంది. ఇప్పుడు ఒక విద్యార్థి ఆ మండలానికి వెళ్లి రిపోర్టు రాస్తే ఏం రాయాలి? 30 శాతం అని ఇంకోసారి రాయడం దేనికి, అది ఇప్పటికే అందరూ రాశారు. ఆ పోలిక ఎవరి చేలతో చేశారు, ఆ చేలల్లో నేల ఒకటేనా, బోరు నీళ్లు ఉన్నవా లేనివా, ఒక్క ఏడాది వానను బట్టి ఎంత చెప్పగలం, మెసేజ్ వచ్చినా ఆగకుండా విత్తినవాళ్లు ఎందుకు ఆగలేదు, విత్తనం అప్పటికే నానబెట్టారా, ఎద్దుల సేద్యం బాడుగకు మాట్లాడుకున్నారా, ఇవి ఊళ్లో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తాయి. ఇలా నాలుగు ప్రశ్నలకు జవాబులు తెచ్చిన రిపోర్టు, మూడే పేజీలున్నా సరే, నా లెక్కలో ఫస్ట్ క్లాస్.

పిల్లలు చాట్‌జీపీటీతో రిపోర్టులు రాయించేస్తున్నారని స్టాఫ్‌రూముల్లో అందరూ తిడుతున్నారు. నిజమే, రాయిస్తున్నారు. ఆ లేని డ్రోన్ కూడా అలా వచ్చిందేనని నా అనుమానం. కానీ మనం ఇచ్చే ఫార్మాట్ చూడండి: పరిచయం, ఏఐ చరిత్ర, ఉపయోగాలు, భవిష్యత్తు, ముగింపు. ఇందులో ఏ ఒక్క దానికీ ఆ పిల్ల ఊరికి వెళ్లాల్సిన అవసరమే లేదు, బస్సు ఎక్కకుండానే రాయొచ్చు. ముప్ఫై పేజీలు నిండాలంటాం, కలర్ ప్రింట్ కావాలంటాం, తప్పులేమీ రాయొద్దంటాం, ఇక వాళ్లేం చేస్తారు? అదే 'ఆ రోజు నువ్వు అడిగిన ప్రశ్నలేంటి, ఎవరు ఏం జవాబు చెప్పారు, మెషీన్ తడబడింది ఎక్కడ' అని అడిగితే చాట్‌బాట్‌కు చెప్పడానికి కూడా ముందు వాళ్ల దగ్గర నోట్సు ఉండాలి. ఆ నోట్సు ఉంటే తర్వాత వాక్యాలు సరిచేయడానికి ఏఐ వాడుకున్నా నాకు పెద్ద అభ్యంతరం లేదు, వాడామని ఒక లైను రాస్తే చాలు.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టి, దానికి రోజూ నింపాల్సిన లాగ్‌బుక్ కూడా పెట్టారు. ఆలోచన బంగారంలాంటిది. కానీ చాలాచోట్ల ఆ లాగ్‌బుక్ సబ్మిషన్ ముందు రాత్రి ఒకే పెన్నుతో మొదటి నుంచి చివరిదాకా నిండిపోతుంది. ఫీల్డ్ విజిట్లకైనా అలా జరక్కుండా, రఫ్ నోట్సును ఉన్నదున్నట్టుగా, కొట్టివేతలతో సహా, రిపోర్టు వెనక జతచేయమని మార్గదర్శకాల్లో పెట్టాలి, దానికి విడిగా మార్కులు ఇవ్వాలి. యాప్ పనిచేయలేదని రాస్తే మార్కు పెరగాలే గానీ తగ్గకూడదు. తెలుగులో రాస్తామన్న పిల్లల్ని రాయనివ్వాలి, ఎందుకంటే రైతు చెప్పిన మాట ఇంగ్లీషులోకి మార్చే తొందరలో సగం జారిపోతోంది, ఆ అన్నభేది మాట ఇంగ్లీషు రిపోర్టులో 'కెమికల్స్' అయిపోయేది. ఫొటో తీసేముందు, పేరు రాసేముందు వాళ్ల అనుమతి అడగడం కూడా అక్కడే నేర్పాలి. ఇంకో సంగతి, మనం వెళ్లి గంటల తరబడి వాళ్ల పని ఆపి అడిగి వచ్చిన మనుషులకు ఆ రిపోర్టు ఒక కాపీ పంపడం కనీస మర్యాద, పంచాయతీ ఆఫీసులోనో రైతు సేవా కేంద్రంలోనో పెట్టినా చాలు. తాము చెప్పింది సరిగ్గా రాశారో లేదో వాళ్లు చూసుకుంటారు, అంతకు మించిన వైవా ఏముంటుంది.

చివరగా మీకొక విన్నపం. ఈ విజిట్ల గ్రూప్ ఫొటోలు వేస్తూనే ఉన్నారు, వెయ్యండి, పిల్లలు ఆ పేపరు దాచుకుంటారు. కానీ ఆ ఫొటో పక్కన, వెళ్లొచ్చిన పిల్లల్లో ఒకరి రిపోర్టు నుంచి ఒక్క పేరా, వాళ్ల మాటల్లోనే, ఏం చూశారో ఏం అడిగారో వేస్తామని కాలేజీలకు చెప్పండి. ఫొటోతో పాటు ఆ పేరా కూడా పంపాలని మీరు షరతు పెడితే మా ప్రిన్సిపాళ్లు మర్నాడే పిల్లల్ని నోట్సు అడుగుతారు, అది నాకు బాగా తెలుసు.

ఇట్లు,
ఒక బోటనీ అధ్యాపకురాలు,
అనంతపురం జిల్లా