మంత్రి గారూ, బుధవారం డాక్టరు ఇంకా రాలేదు

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మన ఆసుపత్రి టీబీ వార్డుకు వస్తారన్న మానసిక వైద్యుడి గురించి ఇది నా నాలుగో అర్జీ. మొదటిది ఆసుపత్రి సూపరింటెండెంటు గారి చేతికే ఇచ్చాను. రెండోది సోమవారం కలెక్టరేటులో లైనులో నిలబడి ఇచ్చాను. మూడోది మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. కలెక్టరేటులో ఇచ్చిన అర్జీకి మాత్రం పద్దెనిమిదో రోజున ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది అని. ఏం పరిష్కారమైందో తెలుసుకుందామని ఒక పూట సెలవు పెట్టి వెళ్లాను. ఒక కాగితం చూపించారు. రోగికి మందులు ఉచితంగా ఇస్తున్నామనీ, పోషకాహారం డబ్బులు ఖాతాలో వేస్తున్నామనీ దాంట్లో రాసి ఉంది.

నేను మందుల గురించి అడగలేదండీ. డబ్బుల గురించీ అడగలేదు. నిక్షయ్ పోషణ్ కింద నెలకు 500 ఇచ్చేది 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆలస్యంగానైనా పడుతున్నాయి, అందుకు దండం పెడతాను. నేను అడిగింది ఒక్కటే. బుధవారం డాక్టరు ఎప్పుడొస్తారు?

బుధవారం డాక్టరు అన్న పేరు టీబీ వార్డులో ఉన్నవాళ్లు పెట్టుకున్నది. మార్చి 24న టీబీ దినోత్సవం సభలో, వేదిక మీద పెద్దలందరూ ఉండగా, ఇక నుంచి ప్రతి బుధవారం మానసిక వైద్యులు మన టీబీ వార్డుకే వచ్చి రోగులతో మాట్లాడతారని ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి నేను వాలంటీరుగా పండ్లు పంచడానికి వెళ్లాను. నాలుగు నెలలకు నా తమ్ముణ్ణే అక్కడ చేర్చాల్సి వస్తుందని నాకేం తెలుసు? వారం తిరిగేసరికి వార్డు తలుపు పక్కన ఫ్లెక్సీ కూడా కట్టారు. ప్రతి బుధవారం ఉదయం 10 నుంచి 12 వరకు అని.

నా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. హైదరాబాదులో ఏసీ మెకానిక్కు హెల్పరుగా చేసేవాడు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కళ్లె పరీక్ష, ఆ తర్వాత మామూలు మందులకు లొంగని టీబీ అని తేలడం, ఇవన్నీ మీకు కొత్త కాదు కాబట్టి వదిలేస్తాను. కొత్తగా వచ్చిన ఆరు నెలల కోర్సు వీడికి కుదరదన్నారు. పొడుగు కోర్సు రాశారు, పద్దెనిమిది నుంచి ఇరవై నెలలు. ఊపిరితిత్తి బాగా దెబ్బతిన్నదని, ఈసీజీలో కూడా తేడా ఉందని ఆసుపత్రిలోనే ఉంచారు. మొత్తం నలభై ఒక్క రోజులు.

ఆ వార్డు ఎక్కడుందో మీకు తెలియాలి. ప్రధాన భవనం దాటి, వాటర్ ట్యాంకు దాటి, మార్చురీకి పోయే దారిలో ఉంది. పద్నాలుగు మంచాలు. భోజనం బండి గుమ్మం దగ్గరే ఆగుతుంది, ఎవరి ప్లేటు వాళ్లు తెచ్చుకోవాలి. లేవలేని వాళ్లకు పక్క మంచం వాళ్లే తెచ్చి పెడతారు. మనిషికీ మనిషికీ మధ్య తెర లేదు. సాయంత్రం ఒక గంట కిటికీ బయట నిలబడి చూసి రావాలి. అంటువ్యాధి కదా, జాగ్రత్తలు ఉండాల్సిందే, నేను కాదనను. కానీ జాగ్రత్త పేరుతో మనిషిని అలా ఒంటరిగా పడేస్తే లోపల ఏమవుతుందో ఎవరు చూడాలి?

వాడికి చెయ్యని పరీక్ష లేదు. గుండెకు ఈసీజీ, కాలేయానికి రక్త పరీక్ష, రక్తకణాల లెక్క, కళ్లకు చూపు పరీక్ష. వాడికిచ్చే మందుల్లో బెడాక్విలిన్ గుండెకు, లినెజోలిడ్ నరాలకు, చూపుకు చెరుపు చేయొచ్చు కాబట్టి అవన్నీ చూస్తారట. డాక్టర్లు శ్రద్ధగా చూశారు, అబద్ధం చెప్పను. ఆ నలభై ఒక్క రోజుల్లో, చివరికి ఒక హౌస్ సర్జన్ అమ్మాయి తప్ప, ఒక్కరు కూడా అడగనిది, నీకు రాత్రి నిద్ర పడుతోందా బాబూ అని.

మొదటి బుధవారం వాడు పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. ముందు రోజు సాయంత్రం కిటికీ దగ్గర నన్ను పెన్ను అడిగాడు. ఎందుకురా అంటే, రేపు డాక్టరు వస్తాడంటక్కా, చెప్పాల్సినవి మర్చిపోతాను, రాసుకుంటాను అన్నాడు. పది అయింది, పదకొండయింది, పన్నెండయింది. ఎవరూ రాలేదు. డాక్టరు గారు క్యాంపుకు వెళ్లారు, వచ్చే వారం తప్పకుండా అన్నారు. రెండో బుధవారం కోర్టు పని. మూడో బుధవారం సెలవు. నాలుగో బుధవారం కారణం కూడా చెప్పలేదు. ఆసుపత్రి మొత్తానికి మానసిక వైద్యులు ఒక్కరే ఉన్నారని, ఆయన ఓపీలోనే మధ్యాహ్నం దాకా జనం తరగరని తర్వాత ఒక సిస్టరమ్మ చెప్పింది. అలాంటప్పుడు ఫ్లెక్సీ ఎందుకు కట్టారు మంత్రి గారూ? వస్తారని చెప్పకపోయి ఉంటే వాడు ఎదురుచూసేవాడు కాదు.

ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. వాడి చొక్కా ఉతకబోతూ జేబులో చూశాను. ఏడు ప్రశ్నలు. వాడు ఒప్పుకున్నవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. "రాత్రుళ్లు ఎవరో పిలిచినట్టు వినబడుతోంది, నాకు పిచ్చి పడుతోందా?" "అక్క కూతురిని ఎత్తుకుని తిప్పాను, పాపకు వచ్చి ఉంటుందా?" "ఒళ్లు నల్లబడుతోంది, మళ్లీ మామూలు రంగు వస్తుందా?" "ఏడో నంబరు ఆయనకు వాడినవి, నాకు వాడుతున్నవి ఒకటే మందులా?"

ఏడో నంబరు మంచం ఆయన మా వాడి పక్కనే ఉండేవారు. లారీ క్లీనరు, వాడితో తాత వరస కలుపుకున్నారు. మూడో వారంలో ఒక రాత్రి ఒంటి గంటకు పోయారు. తెల్లారి ఆరున్నర దాకా ఆ మంచం మీదే ఉంచారు. మధ్యలో తెర కూడా లేదని ముందే చెప్పాను. మా వాడు ఆ ఐదున్నర గంటలూ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాటి నుంచి తిండి సగం వదిలేశాడు. నేను కిటికీ దగ్గరికి వెళితే, రావద్దక్కా, పాపకు అంటుతుంది, ఇంటికెళ్లి స్నానం చేసి గానీ దాన్ని ముట్టుకోకు అనేవాడు. పాపకు పరీక్షలు చేయించాం, ఏమీ లేదు, రాకుండా మందు కూడా ఇస్తున్నారు అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవాడు కాదు. నేను ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నానని వాడి అనుమానం. అదే మాట ఒక డాక్టరు వచ్చి పక్కన నిలబడి చెప్పి ఉంటే నమ్మేవాడు.

ఇక ఆ నల్లబడటం. క్లోఫజిమిన్ అనే టీబీ మందు వల్ల చర్మం రంగు మారుతుందని, కోర్సు అయ్యాక నెమ్మదిగా తగ్గుతుందని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మా అమ్మ వాణ్ణి చూసి, అయ్యో నా బిడ్డ బొగ్గయిపోయాడు అని కిటికీ బయటే ఏడ్చింది. కుదిరిన సంబంధం వాళ్లు అప్పటికే తాంబూలాలు వెనక్కి పంపారు. ఇవన్నీ ఒక్క నెలలోనే జరిగాయి.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది వాడికిచ్చిన సైక్లోసెరిన్ అనే మందు సంగతి. ఆ మందు వేసుకునే కొందరికి దిగులు, ఆందోళన, లేనివి వినబడటం, చచ్చిపోదామన్న ఆలోచనలు కూడా రావచ్చని వైద్యం చదివిన ప్రతివారికీ తెలుసట. మొదలుపెట్టే ముందు మనసు ఎలా ఉందో చూడాలని, వేసుకుంటున్నంత కాలం గమనిస్తూ ఉండాలని మీ టీబీ కార్యక్రమం నియమాలే చెబుతున్నాయట. అంటే వాడికి పిలిచినట్టు వినబడింది పిచ్చి కాకపోవచ్చు, బిళ్ల ప్రభావం కావచ్చు అని ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాట చెప్పే మనిషి కోసమే వాడు బుధవారాలు లెక్కపెట్టుకున్నాడు.

ఆరో బుధవారానికి ముందు రాత్రి వాడు వార్డులోంచి వెళ్లిపోయాడు. చెప్పులు కూడా మంచం కిందే ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి మాకు ఫోన్ వచ్చింది. నేనూ, మా ఆయనా, మా పిన్ని కొడుకూ బస్టాండు, రైల్వే గేటు, చెరువు గట్టు అన్నీ వెతికాం. చెరువు గట్టు మీద టార్చి వేసుకుని తిరిగిన ఆ గంట గురించి నేను రాయలేను. ఏడున్నరకు బస్టాండు వెనక, మూసి ఉన్న టీ కొట్టు ముందు దొరికాడు. ఎక్కడికి వెళుతున్నావురా అంటే, తెలియదక్కా, ఆ గదిలో ఉండలేకపోయాను అన్నాడు.

తిరిగి తీసుకెళ్లేసరికి కేసు షీటు మీద "అబ్‌స్కాండెడ్" అని రాసి ఉంది. పరారీ అన్నమాట. మళ్లీ చేర్చుకోవడానికి నాతో హామీ పత్రం రాయించుకున్నారు. భయంతో వణికిపోయిన పిల్లవాడిని పట్టుకుని పరారీ అంటారా అండీ? ఆ మాట ఆ షీటులోంచి తీసేయమని కూడా అర్జీలో రాశాను. దానికీ జవాబు లేదు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ అమ్మాయి ఒక్కతే అరగంట కూర్చుని అన్నీ అడిగింది. ఆమె పెద్ద డాక్టరు గారితో మాట్లాడి సైక్లోసెరిన్ ఆపించి వేరే మందు పెట్టించింది. రెండు వారాల్లో పిలుపులు ఆగిపోయాయి, నిద్ర పట్టింది. ఇప్పుడు ఇంట్లోనే మందులు వాడుతున్నాడు, నాలుగు కిలోలు పెరిగాడు. అరగంట పట్టింది మంత్రి గారూ. ఆ అరగంట మొదటి బుధవారమే దొరికి ఉంటే మేం చెరువు గట్టుకు వెళ్లే పని ఉండేది కాదు.

సిబ్బంది మీద కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. రాత్రి డ్యూటీ సిస్టరమ్మ మంచిదే. వార్డుకు ఆమె ఒక్కతే. నాకూ ఇంట్లో చిన్నపిల్లలున్నారమ్మా, నాకూ టెన్షనే అని నాతో అంది. ఆమెతో మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి కదా.

మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14416 టెలి మానస్‌కు ఫోన్ చేసుకోవచ్చు కదా అని ఒక అధికారి అన్నారు. మంచి నంబరే, రాత్రీ పగలూ పలుకుతుంది. కానీ పద్నాలుగు మంచాల మధ్య, తెర లేని చోట, నాకు చచ్చిపోవాలనిపిస్తోందని ఫోనులో ఎలా చెబుతాడండీ? పైగా ఆ గదిలో చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గులు రెండే.

అదే ఆవరణలో ఏఆర్‌టీ సెంటరు ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు మందులకు వస్తే ముందు కౌన్సిలర్ దగ్గర కూర్చోబెట్టి మాట్లాడతారు. ఎంత బాగుందో చూశాను. మందులకు లొంగని టీబీకి కూడా కౌన్సిలర్ పోస్టు ఉంది. మనిషే లేరు. కరోనా వచ్చినప్పుడు ఐసొలేషన్‌లో ఉన్నవాళ్ల మనసు గురించి టీవీల్లో అందరూ మాట్లాడారు, నిపుణులు ఫోన్లు చేసి ధైర్యం చెప్పారు. టీబీ వాళ్లు అంతకు ముందూ ఐసొలేషన్‌లోనే ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

మా తాతగారు చెప్పేవారు, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో ఆయన మేనమామ ఉండి వచ్చారట. టీబీని తగ్గించే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కూడా రాని కాలం. చెట్లు, గాలి, మంచి తిండి, విశ్రాంతి, పక్కన కూర్చుని మాట్లాడే మనుషులు, అప్పుడు చేతిలో ఉన్నవి అవే. ఇప్పుడు మందులున్నాయి, సంతోషం. అయితే మిగతావి ఎందుకు పోవాలి?

దిగులు పట్టినవాళ్లే మందులు మధ్యలో మానేస్తారని మీ అధికారులే సభల్లో చెబుతారు. మానేస్తే జబ్బు ఇంకా మొండిదవుతుంది, ఇంకొకరికి అంటుతుంది. 2025కల్లా టీబీని అంతం చేస్తామన్న మాట ఎలాగూ దాటిపోయింది. దానికి నేను మిమ్మల్ని నిలదీయడం లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రతి మనిషికీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యం పొందే హక్కు ఉందని చెబుతోంది. టీబీ వార్డు గుమ్మం దాటాక ఆ హక్కు ఆగిపోతుందని అందులో ఎక్కడా లేదు.

ఆ కౌన్సిలర్ పోస్టు నింపండి. అది ఆలస్యమైతే కనీసం బుధవారం రెండు గంటలు ఎవరినైనా పంపండి. సైక్లోసెరిన్ మొదలుపెట్టే ముందు ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడమనండి. మంచాల మధ్య తెరలు కట్టించండి. ఏ మందుకు ఒళ్లు నల్లబడుతుందో, ఏ మందుకు నిద్ర పట్టకుండా పోతుందో తెలుగులో ఒక కాగితం రాసి చేతికివ్వమనండి. ఏదీ చేయలేకపోతే ఆ ఫ్లెక్సీ అయినా విప్పించండి. కానీ విప్పించకండి, మనిషిని పంపండి. చేతులెత్తి మొక్కుతున్నాను, మనిషిని పంపండి.

మా వాడి మంచంలో ఇప్పుడు పందొమ్మిదేళ్ల ఒక అమ్మాయి వాళ్ల అన్న ఉన్నాడు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర పరిచయమైంది, నా నంబరు తీసుకుంది. నిన్న రాత్రి ఫోన్ చేసి, అక్కా, ఈ బుధవారం డాక్టరు వస్తారా, మా అన్నయ్య గడ్డం గీయమని అడుగుతున్నాడు అంది. ఆ పిల్లకు నేను ఇంకా జవాబు చెప్పలేదు.

ఇట్లు,
టీబీ వార్డులో ఉండి వచ్చిన ఒక పిల్లవాడి అక్క