పసుపు ముద్ద అడీనియం పేరుతో మీరు అమ్మిన గింజల గురించి ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మూడు వరసల పసుపు పువ్వు అని చెప్పి అమ్మిన అడీనియం గింజలకు ఒంటి రెక్క (ఒకే వరస రెక్కల) గులాబి పూలు రావడం, డబ్బు వాపసు, మీ వెబ్‌సైట్‌లో ఆ ప్రకటన సవరణ కోరడం.

అయ్యా / అమ్మా,

మాది కోనసీమ, అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. కిందటేడాది సంక్రాంతి వెళ్లాక మీ వెబ్‌సైట్‌లో అడీనియం (ఎడారి గులాబి అంటారు, మొదలు దుంపలా ఉబ్బే పూల మొక్క) గింజల ప్యాకెట్లు కొన్నాను. ఫొటోలో మూడు వరసల రెక్కలతో నిమ్మపండు రంగు పువ్వు ఉంది. దాని కింద "ఈ గింజలు నాటితే నూటికి నూరు శాతం ఇదే పువ్వు" అని రాసి ఉంది. ఈ ఎండాకాలం ఆ మొక్కలు పూశాయి. పూసిన ప్రతి మొక్కకూ ఐదు రెక్కల గులాబి రంగు పువ్వే. కొన్నిటికి అంచు ముదురుగా ఉంది, కొన్నిటికి గొంతు దగ్గర తెలుపు ఉంది. పసుపు అన్నది ఒక్కదానికీ లేదు. రెండో వరస రెక్క కూడా ఒక్కదానికీ లేదు.

న్యాయంగా చెప్పాల్సిన మాట ముందే చెబుతాను. గింజలు తాజావే. వారం తిరక్కుండా మొలిచాయి. అడీనియం గింజ నిలవ ఉన్నకొద్దీ మొలిచే శక్తి పోతుంది. పాత గింజలు అంటగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఆ పని చేయలేదు. పువ్వు విషయంలో మీరు ఇచ్చిన మాట మీదే నా ఫిర్యాదంతా.

ఫొటోలు పంపితే మీ కస్టమర్ కేర్ నుంచి వచ్చిన జవాబు నన్ను ఇంకా బాధపెట్టింది. "మీ ప్రాంతంలో తేమ ఎక్కువ, నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు, అందుకే పువ్వు మారిపోయింది" అన్నారు.

తేమ ఎక్కువైతే అడీనియం ఏమవుతుందో డెల్టాలో ఉండే మాకు బాగా తెలుసు. మొగ్గ విచ్చుకోకుండానే రాలిపోతుంది. దుంప మెత్తబడుతుంది. ఇక ఎండ మరీ మాడిస్తే పువ్వు రంగు వెలుస్తుంది. మూడు వరసల రకం కూడా మొక్కకు బలం చాలకపోతే మొదటి పూతలో వరస తగ్గించి పూయవచ్చు. అందుకే మొదటి పువ్వు చూడగానే మీకు రాయలేదు, తర్వాతి పూతల దాకా ఆగాను. పసుపు పూసే మొక్క చేత ప్రతి పూతలోనూ గులాబి పూలు పూయించే శక్తి మాత్రం తేమకు లేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నా పెంపకం మీద మాట వేశారు. మా నేల ఒండ్రుమట్టి, పక్కనే పంట కాలువ, కాస్త తవ్వితే నీళ్లు. జూన్ నుంచి నైరుతి వానలు. అవి వెళ్లాయనుకునేలోపే అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. ఆఫ్రికాలో, అరేబియాలో మెట్ట నేలల్లో పుట్టిన మొక్కను ఇలాంటి చోట బతికించాలంటే కుండీలో మట్టి దాదాపు లేకుండా చూసుకోవాలి. గోదావరి దొడ్డు ఇసుక, జల్లించిన ఇటుక ముక్కలు, కాల్చిన ఊక, కొద్దిగా వర్మీకంపోస్టు, ఇవే నేను కలిపేది. వానలు మొదలవగానే కుండీలన్నీ డాబా మీద రేకు కిందికి చేరతాయి. ముసురు పట్టిన రోజుల్లో చుక్క నీరు పోయను. ఎప్పుడైనా దుంప పక్కన మెత్తబడినట్టు అనిపిస్తే కుళ్లిన మేర కోసేసి, కోత మీద శిలీంద్రనాశిని పొడి అద్ది, పూర్తిగా ఆరాకే మళ్లీ నాటుతాను.

మరి మీ ప్యాకెట్‌లో వచ్చిన కార్డులో ఏముంది? సగానికి సగం కొబ్బరి పొట్టు కలపాలట, ఏడాది పొడవునా వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలట. కొబ్బరి పొట్టు మా కోనసీమకు కొత్త కాదు, ఏ ఊరు వెళ్లినా గుట్టలుంటాయి. అయినా వానాకాలం అడీనియం కుండీలో అంత పొట్టు వేయం. అది నీటిని పట్టి ఉంచుతుంది, వేరు కుళ్లుతుంది. రాజస్థాన్‌కూ రాజోలుకూ ఒకే కార్డు పంపడం సరికాదు. ఆ కార్డును నమ్మి కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎన్ని మొక్కలు పోగొట్టుకుని ఉంటారో అని బాధగా ఉంది.

పువ్వు ఎందుకు అలా వచ్చిందో మొక్కలు అమ్మే మీకు తెలిసే ఉండాలి. అడీనియం పువ్వు కింది భాగం గొట్టంలా ఉంటుంది, పుప్పొడి ఆ గొట్టం అడుగున దాగి ఉంటుంది. ఇంట్లో కాయ కట్టించాలంటే గొట్టాన్ని ఒక పక్క చీల్చి, సన్న కుంచెతో పుప్పొడి తీసి మరో పువ్వుకు అందించాలి. కాయలు జంటగా, మేక కొమ్ముల్లా వస్తాయి. గింజకు రెండు కొసలా కుచ్చులుంటాయి కాబట్టి కాయ పగిలితే అన్నీ గాలికి పోతాయి, అందుకని ముందే దారం చుట్టి ఉంచుతాం. ఇంత శ్రమపడి, రెండు వైపులా పసుపు ముద్ద రకాలే అని తెలిసి కలిపినా, పుట్టే మొక్కలు తలా ఒక రకంగా ఉంటాయి. కొన్నిటికి ముద్ద పూలు రావచ్చు, కొన్నిటికి రంగు రావచ్చు. ఏది ఏం పూస్తుందో పూసేదాకా ఎవరూ చెప్పలేరు.

తల్లి మొక్క పువ్వే కావాలంటే అంటు కట్టాలి. కడియం, కడియపులంక నర్సరీల్లో రోజూ జరిగే పని ఇది. గింజ మొక్క తల కోసి, వి ఆకారంలో గాటు పెట్టి, కావలసిన రకం కొమ్మను అందులో కూర్చి, ప్లాస్టిక్ రిబ్బన్ చుట్టి, ఆరిపోకుండా చిన్న కవరు తొడుగుతారు. లావైన బోదె కావాలనుకున్నవాళ్లు గింజ మొక్క తీసుకుంటారు, ఫలానా పువ్వు కావాలనుకున్నవాళ్లు అంటు తీసుకుంటారు. యుఫోర్బియా మిలీ (ముళ్ల కొమ్మల పూల మొక్క) అయితే ఇంకా తేలిక. కొమ్మ కోసి, కారే పాలు కడిగి, గాయం ఆరేదాకా కొన్ని రోజులు నీడలో ఉంచి నాటితే తల్లి పువ్వే వస్తుంది. మా డాబా మీద ఉన్న స్టపీలియాలన్నీ (ఆకుల్లేకుండా కండగల కాడలతో పెరిగే మొక్కలు) ఒక్క కాడ నుంచి వచ్చినవే. ఆ పువ్వు కుళ్లు మాంసం వాసనతో ఈగల్ని పిలుస్తుంది, అయినా నాకు ఎంతో ఇష్టం. ఈ తేడా నర్సరీలో కూలికి వచ్చేవాళ్లకు కూడా తెలుసు. అలాంటిది ఒక కంపెనీ గింజ ప్యాకెట్ మీద "నూటికి నూరు శాతం" అని ఎలా రాసింది?

గింజ ఒక్కంటికి 40 రూపాయలు తీసుకున్నారు. ఆ డబ్బు కంటే పోయిన కాలమే నాకు ఎక్కువ. ఒక వానాకాలమంతా ఆ నారును కాపాడాను. రేకు కింద చోటు చాలక వేరే మొక్కల్ని ఇచ్చేశాను. మా ఆడపడుచు ద్రాక్షారామంలో ఉంటుంది. పసుపు ముద్ద అని చెప్పి తనకూ కొన్ని మొక్కలిచ్చాను. పూశాక ఫోన్ చేసి "పసుపన్నావు కదా వదినా" అంది. మీ మాట నమ్మి నేను ఇచ్చిన మాట అది. ఒంటి రెక్క గులాబి అడీనియం కూడా చక్కటి పువ్వే, దాన్ని తక్కువ చేయడం లేదు. అది మాకు కడియంలో దొరుకుతుంది, దానికోసం ఇంత ధర పెట్టి ఇన్నాళ్లు కాచుకోనక్కర్లేదు.

అదే ఆర్డర్‌లో వచ్చిన అంటు మొక్కను తడి కొబ్బరి పొట్టుతో, గాలాడని కవర్లో చుట్టి పంపారు. వచ్చేసరికి దుంప వేలితో నొక్కితే లోపలికి పోయింది. అడీనియంను వేళ్లు ఆరబెట్టి కాగితంలో చుడితే రోజుల తరబడి ప్రయాణం తట్టుకుంటుంది. పార్సిల్ విప్పిన వీడియో అప్పుడే పంపాను, మీరు డిస్కౌంట్ కూపన్ ఇచ్చారు. ఆ కూపన్ నాకు వద్దు.

ఇప్పుడేమో "7 రోజుల్లోపు చెప్పలేదు కాబట్టి రిటర్న్ కుదరదు" అంటున్నారు. ఏడాది దాటితే గానీ కనిపించని పువ్వు గురించి 7 రోజుల్లో ఎవరైనా ఎలా చెప్పగలరు? 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువుకు లేకపోతే అమ్మినవాళ్లు డబ్బు వాపసు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

కాబట్టి గింజల సొమ్మూ, అంటు మొక్క సొమ్మూ నా బ్యాంకు ఖాతాకు తిరిగి పంపండి. అంతకంటే ముఖ్యంగా, ఆ పేజీలో "నూటికి నూరు శాతం ఇదే పువ్వు" అన్న వాక్యం తీసేసి, గింజ మొక్కల పూలు రకరకాలుగా ఉంటాయని అందరికీ కనబడేలా రాయండి. మీ దగ్గరే "సోకోట్రానమ్, ఏడాదిలో పూలు" అని ఇంకో ప్యాకెట్ ఉంది. సోకోట్రా ద్వీపపు ఆ అడీనియం జాతి చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పూతకు ఏళ్లకేళ్లు పడుతుంది. దాన్నీ సరిచేయండి. పెంపకం కార్డులో తేమ ప్రాంతాలకు వేరే సూచనలు ఇవ్వండి. కావాలంటే డెల్టాలో పనికొచ్చే సూచనలు నేనే రాసి పంపుతాను, దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు.

నెలలోపు పరిష్కారం రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, అక్కడి నుంచి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

ఆర్డర్ రసీదు, అప్పటి మీ పేజీ స్క్రీన్‌షాట్, పూల ఫొటోలు, పార్సిల్ వీడియో, మీ కస్టమర్ కేర్ జవాబులు జతచేశాను. ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా