కుట్టడం వచ్చింది, ధర కట్టడం ఎవరు నేర్పాలి?

సంపాదకులకు,

అనంతపురంలో చిన్న బొటిక్ నడుపుతున్నాను. ఒకేషనల్ ఇంటర్‌లో దుస్తుల డిజైనింగ్ చదివే అమ్మాయిలు ట్రైనింగ్‌కు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల రికార్డు పుస్తకాలు చూస్తే ముచ్చటేస్తుంది. కుచ్చులు, కాజాలు, కాలర్లు, రకరకాల చేతులు, ఒక్కో శాంపిల్ ఎంత పొందిగ్గా కుట్టి అంటిస్తారో! కానీ "ఈ లైనింగ్ జాకెట్‌కు ఎంత తీసుకుంటావమ్మా?" అంటే చాలామంది నోరు మెదపరు. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం, పైపింగ్ లెక్క వేస్తారు గానీ తమ కూలి వేసుకోరు. ఇంట్లో అమ్మ కుట్టే కుట్టుకు ఎవరూ కూలి కట్టగా వాళ్లు చూడలేదు మరి.

కోర్సు అయ్యాక కొందరు బెంగళూరు గార్మెంట్స్‌కు వెళ్తారు, కొందరికి పెళ్లయి మిషన్ మూలన పడుతుంది. ఫ్యాక్టరీ పని తక్కువదని అనను. కానీ పక్కనే ధర్మవరం పట్టు ఉంది, రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లున్నాయి, పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్క్ జాకెట్ చేతికి రావాలంటే రోజుల తరబడి ఆగాల్సిందే. ఇంత పని ఉన్నచోట వీళ్లు సొంతంగా నిలబడలేరా?

వ్యాపారం మీద ఆసక్తి ఉపన్యాసాలు వింటే రాదు. తన పనికి తాను ధర చెప్పి, ఆ డబ్బు చేతిలో పడితే వస్తుంది. ప్రభుత్వ బడి పిల్లలకు యూనిఫాం గుడ్డ ఇస్తున్నారు. బడులు తెరిచే జూన్‌లో తల్లిదండ్రులు వాటిని పట్టుకుని టైలర్ల చుట్టూ తిరుగుతారు. ఆ కుట్టులో కొంత ఒకేషనల్ కాలేజీలకు ఇప్పించండి. కొలతలు తీసుకోవడం, చెప్పిన రోజుకు ఇవ్వడం, బిగుతైతే విప్పి మళ్లీ కుట్టడం, జమాఖర్చు రాయడం అన్నీ అక్కడే వస్తాయి. చదువు దెబ్బతినకుండా వారానికి కొన్ని గంటలే చేయించాలి, కూలి డబ్బు నేరుగా వాళ్ల ఖాతాల్లోనే పడాలి.

చిన్న వ్యాపారాలకు కేంద్రం ముద్రా పథకం కింద బ్యాంకులిచ్చే శిశు రుణం 50 వేల దాకా పూచీకత్తు లేకుండా వస్తుంది. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు ఉన్న కేంద్ర పథకం పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం)లో 18 ఏళ్లు నిండిన మహిళలకు ప్రాజెక్టు ఖర్చులో పట్టణాల్లో 25 శాతం, పల్లెల్లో 35 శాతం సబ్సిడీ ఉంది. మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఈ పేర్లు విన్నవాళ్లే అరుదు. జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులు, బ్యాంకు మేనేజర్లు ఏటా రెండో సంవత్సరం విద్యార్థుల దగ్గరికి వచ్చి, ప్రాజెక్టు రిపోర్టు పక్కన కూర్చుని రాయించాలి. ఆ రోజు తల్లిదండ్రులను కూడా పిలవాలి. "కుట్టుపనికి అప్పు ఎందుకు?" అనేది ముందు వాళ్లే.

వచ్చే జూన్‌లోపే కనీసం ఒక్క కాలేజీలోనైనా ఇది మొదలుపెట్టించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక బొటిక్ నిర్వాహకురాలు, అనంతపురం